ఆసుపత్రిలో పిల్లలకు యాంటీబయాటిక్: మొదటి డోసు తర్వాత జరగవలసిన ఆలోచన

(పిల్లల వార్డుల్లో పనిచేసే వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ గదిలో రోజూ రౌండ్స్ చేసే వైద్యులు, అర్ధరాత్రి ఇంజెక్షన్ కలిపి ఎక్కించే నర్సులు, చార్టు చూసి డోసు సరిచూసే ఫార్మసిస్టులు ఉన్నారు కాబట్టి, యాంటీబయాటిక్ వైరస్ మీద ఎందుకు పనిచేయదు అన్న దగ్గర నుంచి మొదలుపెట్టి మీ సమయం తీసుకోను. నేను మాట్లాడదలచింది అంతకంటే చిన్న విషయం. ఆసుపత్రిలో చేరిన బిడ్డకు మొదలుపెట్టిన యాంటీబయాటిక్ నాలుగో రోజు కూడా ఎందుకు నడుస్తోందని వార్డులో అడిగి చూడండి. చాలాసార్లు స్పష్టమైన జవాబు రాదు. కొనసాగించాలని ఎవరూ ఆలోచించి నిర్ణయించి ఉండరు, ఆపమని ఎవరూ రాయలేదు కాబట్టి నడుస్తూ ఉంటుంది. పిల్లలకు ఆసుపత్రుల్లో అవసరం లేకుండా అందుతున్న యాంటీబయాటిక్‌లో చాలా భాగం ఇలా ఎవరూ తీసుకోని నిర్ణయం వల్లనే అందుతోందని నా అభిప్రాయం. ఈ రోజు నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సమస్య ఎంత పెద్దదో ఒకటి రెండు అంకెలు చెప్పి ముందుకు వెళతాను. 2012లో 41 దేశాల ఆసుపత్రుల్లో పిల్లల వార్డులను ఒకే పద్ధతిలో సర్వే చేసినప్పుడు, ఆ రోజున వార్డులో ఉన్న పిల్లల్లో మూడో వంతు కంటే ఎక్కువ మందికి ఏదో ఒక యాంటీబయాటిక్ గానీ, అటువంటి సూక్ష్మజీవి నాశక మందు గానీ నడుస్తోంది. మరోవైపు, మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా సంభవించిన మరణాలు 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షలని, వాటిలో అయిదింట ఒకటి అయిదేళ్ళలోపు పిల్లలదని 2022లో వెలువడిన అంతర్జాతీయ అంచనా తెలిపింది. నిరోధకత అనగానే భవిష్యత్తు తరాల గురించి మాట్లాడటం మనకు అలవాటైపోయింది గానీ, ఈ రోజు నవజాత శిశువుల ఐసీయూలో ఉన్న బిడ్డకే, పక్క ఇంక్యుబేటర్‌లోని బిడ్డకు మనం నిన్న ఇచ్చిన మందు ఫలితం అందవచ్చు. అదే గాలి, అవే చేతులు, అవే సింకులు కదా.

అయితే ఒక అపార్థాన్ని ముందే తొలగించాలి. బాధ్యతగా వాడటం అంటే ఆలస్యంగా మొదలుపెట్టడం కాదు. నెల లోపు శిశువుకు రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు జ్వరం వస్తుందన్న నమ్మకం లేదు. ఒళ్ళు చల్లబడవచ్చు, పాలు సరిగా తాగకపోవచ్చు, మధ్యమధ్య ఊపిరి ఆగవచ్చు, లేదా తల్లి ‘ఎందుకో ఈ రోజు బిడ్డ తేడాగా ఉంది’ అనవచ్చు, అంతే. అటువంటి బిడ్డ విషయంలో కల్చర్ (రక్తం వంటి నమూనాలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) ఫలితం కోసం కూర్చోవడం ప్రమాదం. పిల్లల సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించే ప్రమాద స్థితి) చికిత్సపై 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, షాక్‌లో, అంటే రక్తప్రసరణ పడిపోయిన స్థితిలో, ఉన్న బిడ్డకు గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలని చెబుతాయి. అవే మార్గదర్శకాలు, షాక్ లేకుండా అవయవాల పనితీరు దెబ్బతింటున్న సెప్సిస్ అని అనుమానించిన బిడ్డ విషయంలో, వేగంగా పరీక్షలు చేసి మూడు గంటలలోపు మొదలుపెట్టవచ్చని కూడా చెబుతాయి. ఈ రెండో మాట మన వార్డుల్లో పెద్దగా వినబడదు. ఆ మూడు గంటలను మార్గదర్శకాలు ఉదారంగా ఇచ్చింది బిడ్డను మళ్ళీ మళ్ళీ పరీక్షించడానికి, రక్తం మూత్రం తీయడానికి, ఇది నిజంగా బ్యాక్టీరియా పనేనా అని ఆలోచించడానికి.

కాబట్టి మొదటి డోసు ఇచ్చినందుకు ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. చూడవలసింది ఆ డోసుకు ముందు ఏం చేశాం, తర్వాత ఏం చేశాం అన్నది.

ముందు చేయవలసిన వాటిలో అన్నిటికన్నా విలువైనది బ్లడ్ కల్చర్, అదీ తగినంత రక్తంతో తీసినది. నవజాత శిశువుకు కనీసం ఒక మిల్లీలీటరు కావాలి. చిన్న బిడ్డ, సన్నని నరం, ఏడుపు, పక్కనే ఆందోళనగా నిలబడిన తల్లిదండ్రులు... వీటి మధ్య నాలుగు చుక్కలు సీసాలో పడగానే చాలనిపించడం సహజమే. కానీ ఆ నాలుగు చుక్కల ధర రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. కల్చర్‌లో ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చినప్పుడు, ‘తీసిన రక్తమే తక్కువ, ఈ నెగెటివ్‌ను ఎలా నమ్మడం’ అన్న సందేహం వస్తుంది, ఆ సందేహంతో మందు ఏడు రోజులకో పది రోజులకో సాగుతుంది. సరిగ్గా తీసిన ఒక మిల్లీలీటరు రక్తం, బిడ్డకు వారం రోజుల యాంటీబయాటిక్‌ను తప్పించగలదు. మూత్రం విషయమూ ఇంతే. చర్మానికి అంటించే సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది, మలంలోని బ్యాక్టీరియా కలిసే అవకాశం ఎక్కువ కాబట్టి, దాన్ని కల్చర్‌కు పంపితే లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపిస్తుంది. కేథటర్‌తో గానీ, శుభ్రం చేసి మధ్యధారలో గానీ పట్టినదే నమ్మదగినది. మెదడు పొరల వాపు అనుమానం ఉండి, బిడ్డ పరిస్థితి అనుమతిస్తే వెన్ను నుంచి నీరు తీయడాన్ని రేపటికి వాయిదా వేయకూడదు, ఎందుకంటే మందు పడిన కొన్ని గంటలకే ఆ నీటిలో బ్యాక్టీరియా పెరగడం తగ్గిపోతుంది. ఆ తర్వాత అది మెనింజైటిస్ అవునో కాదో తేలక, కాదేమో అనుకుంటూనే పూర్తి కోర్సు ఇవ్వవలసి వస్తుంది.

ఇక ముందు చేయవలసిన రెండో పని రాయడం. కేస్ షీటులో మందు పేరు, డోసు ఎలాగూ రాస్తాం. దాని పక్కన ఎందుకు ఇస్తున్నామో, మళ్ళీ ఎప్పుడు చూస్తామో రాయాలి. ‘జ్వరం’ అన్నది కారణం కాదు, ‘ఇన్ఫెక్షన్ కోసం’ అన్నదీ కాదు. ‘నవజాత శిశు సెప్సిస్ అనుమానం, ఉమ్మనీరు పోయి 24 గంటలు దాటింది, తల్లికి జ్వరం, రేపు రాత్రి ఎనిమిదింటికి కల్చర్ చూసి నిర్ణయం’ అన్నది కారణం. ఇలా రాసిన చార్టు రేపు డ్యూటీకి వచ్చే, ఈ బిడ్డను ఎన్నడూ చూడని వైద్యుడికి ఆపే అధికారాన్ని కూడా ఇస్తుంది. రాయని చార్టు ఇవ్వదు.

మందు మొదలుపెట్టాక 36 గంటల నుంచి 48 గంటల మధ్య జరగవలసిన సమీక్షే నా ప్రసంగంలో అసలు విషయం. ఈ సమయం ఏదో గుండ్రంగా ఉందని ఎంచుకున్నది కాదు. నేటి ఆటోమేటెడ్ కల్చర్ యంత్రాలు సీసాలను నిరంతరం గమనిస్తాయి. నిజమైన రోగకారక బ్యాక్టీరియా ఉన్న పిల్లల సీసాల్లో నూటికి తొంభైకి పైగా 36 గంటలలోపే సంకేతం ఇస్తాయి. ఆ తర్వాత సంకేతమిచ్చే వాటిలో చర్మం మీది బ్యాక్టీరియాతో కలుషితమైనవే ఎక్కువ. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు నవజాత శిశువుల విషయంలో, కల్చర్ నెగెటివ్‌గా ఉండి, మొదట్లో అనుమానం బలంగా లేకపోయి, బిడ్డ బాగుండి, సీఆర్‌పీ (శరీరంలో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) తీరు భరోసా ఇస్తే 36 గంటలకే ఆపడాన్ని పరిశీలించమంటాయి. ల్యాబ్ సిబ్బంది ఇక్కడ ఉంటే ఒక మనవి: ‘ఇప్పటివరకు ఏమీ పెరగలేదు’ అన్న మాటను 36 గంటలకు ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా వార్డుకు చేరేలా చూడండి. అయిదో రోజు తుది రిపోర్టు ఫైలుకు పనికొస్తుంది గానీ బిడ్డకు పనికిరాదు.

సమీక్షలో తేలవలసినది ఏమిటి? బ్యాక్టీరియా లేదని తేలితే ఆపడం. ఉందని తేలి, అది సాధారణ మందుకు లొంగేదైతే విశాలంగా పనిచేసే మందును దించి ఆ సాధారణ మందుకు మారడం. బిడ్డ కోలుకుని నోటితో తీసుకోగలిగితే సిరప్‌కు మారడం. ఇవేవీ కుదరకపోతే కొనసాగించడం, కానీ ముగింపు తేదీ రాసి కొనసాగించడం. కొనసాగించడం కూడా ఒక నిర్ణయమే. దాని కింద ఒకరి సంతకం ఉండాలి.

ఇక్కడ మనలో చాలామందికి ఇబ్బంది కలిగించే మాట ఒకటి చెప్పాలి. ‘కల్చర్ నెగెటివ్ సెప్సిస్’ అని కేస్ షీటుల్లో రాస్తూ ఉంటాం. నిజంగానే కొందరు బిడ్డల్లో, ముఖ్యంగా ప్రసవానికి ముందే తల్లికి యాంటీబయాటిక్ పడినప్పుడు, ఇన్ఫెక్షన్ ఉండి కూడా కల్చర్‌లో దొరకకపోవచ్చు. నేను కాదనను. కానీ ఈ పేరు మన దగ్గర ఎంత తరచుగా వాడబడుతోందో చూస్తే, అందులో సగానికి సగం మన భయానికి పెట్టుకున్న పేరేమో అనిపిస్తుంది. పుట్టిన గంటలో ఆయాసపడి, ఆరు గంటల్లో తేరుకుని, పాలు తాగుతున్న బిడ్డకు సీఆర్‌పీ కాస్త పెరిగిందని ఏడు రోజుల మందు ఇస్తున్నాం. ప్రసవపు ఒత్తిడి వల్ల కూడా మొదటి రెండు రోజుల్లో సీఆర్‌పీ పెరుగుతుందని మనకు తెలుసు. అది తగ్గినప్పుడు, లేదా తక్కువగానే ఉన్నప్పుడు, ఆపడానికి ధైర్యమిచ్చే పరీక్ష అది. పెరిగినంత మాత్రాన కొనసాగించమని ఆజ్ఞాపించే పరీక్ష కాదు.

ఇస్తే ఏం పోయింది అనే ప్రశ్నకు నవజాత శిశువుల వైద్య చరిత్రే జవాబు చెబుతుంది. నెలలు నిండని శిశువులకు ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇస్తున్న రెండు రకాల మందులను పోల్చిన పరిశోధన 1956లో వెలువడింది. సల్ఫా మందు పడిన శిశువుల్లో మరణాలు ఎక్కువని, కామెర్లు కలిగించే పసుపు పదార్థం బిలిరుబిన్ మెదడులో చేరి దెబ్బతీసిందని అందులో బయటపడింది. సల్ఫా మందు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉన్న బిలిరుబిన్‌ను తోసేస్తుందని తర్వాత అర్థమైంది. మూడేళ్ళ తర్వాత, 1959లో, క్లోరాంఫెనికాల్ వంతు వచ్చింది. ఉమ్మనీరు ముందే పోయిన తల్లులకు పుట్టిన, నెలలు నిండని శిశువులకు దాన్ని ముందుజాగ్రత్తగా ఇచ్చినప్పుడు, మందు ఏదీ ఇవ్వని శిశువులకంటే చాలా ఎక్కువ మంది చనిపోయారు. ఒళ్ళు బూడిద రంగుకు తిరిగి, పొట్ట ఉబ్బి, రక్తప్రసరణ కుప్పకూలడం దాని లక్షణం. శిశువు కాలేయం ఆ మందును మార్చి బయటికి పంపేంతగా ఇంకా ఎదగకపోవడం దాని కారణం. ఈ రెండు ఉదంతాల్లోనూ నన్ను ఆపి ఆలోచింపజేసేది ఒకే అంశం: మందు పడిన శిశువుల్లో అధిక భాగానికి ఇన్ఫెక్షన్ ఉందని ఎవరూ రుజువు చేయలేదు. ‘దేనికైనా మంచిది’ అని ఇచ్చారు.

నేటి మందులు అంత ప్రమాదకరమైనవి కావు, నిజమే. కానీ చాలా తక్కువ బరువుతో పుట్టి, కల్చర్ నెగెటివ్‌గా ఉన్న శిశువులకు మొదటి కోర్సును అయిదు రోజులు, అంతకు మించి సాగదీసినప్పుడు, పేగు కుళ్ళే నెక్రోటైజింగ్ ఎంటెరోకోలైటిస్ గానీ మరణం గానీ సంభవించే అవకాశం పెరిగినట్టు 2009లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన చూపింది. ఇది పరిశీలన మాత్రమే కాబట్టి మందే కారణమని ఖాయంగా అనలేం, జబ్బు ఎక్కువగా ఉన్న శిశువులకే మందు ఎక్కువ రోజులు ఇచ్చి ఉండవచ్చు. అయినా పేగులో మంచి బ్యాక్టీరియా స్థిరపడవలసిన ఆ మొదటి రోజుల్లో దాన్ని తుడిచిపెట్టడం వల్ల హాని కలగడం శరీరధర్మానికి విరుద్ధమైన ఊహ కాదు.

మరి తగ్గించడం సాధ్యమేనా? సాధ్యమే. ఉత్తర కాలిఫోర్నియాలోని ఒక ఆసుపత్రుల సమూహం, 35 వారాలు, ఆపైన నిండి పుట్టిన శిశువుల విషయంలో తల్లి జ్వరం, ఉమ్మనీరు పోయిన సమయం, బిడ్డ కనిపిస్తున్న తీరు వంటి వివరాలతో ఇన్ఫెక్షన్ అవకాశాన్ని లెక్కకట్టే పద్ధతిని ప్రవేశపెట్టింది. మొదటి 24 గంటల్లో యాంటీబయాటిక్ పడే శిశువులు 5 శాతం నుంచి 2.6 శాతానికి తగ్గారు, చెడు ఫలితాలు పెరగలేదు. ఈ లెక్కను ప్రతి ఆసుపత్రీ యథాతథంగా దిగుమతి చేసుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ ప్రాంతంలో ఇన్ఫెక్షన్ ఎంత తరచు అన్న అంకె మీద అది ఆధారపడుతుంది. అందులోంచి ఎక్కడైనా తీసుకోదగినది, బాగున్న బిడ్డను మందు లేకుండా దగ్గర నుంచి గమనించడం కూడా ఒక చికిత్సా విధానమే అన్న అవగాహన. దానికి నర్సులు కావాలి. రెండు మూడు గంటలకోసారి బిడ్డను నిజంగా చూసే నర్సు లేని చోట, వైద్యుడు మందునే కాపలా పెడతాడు.

పెద్ద పిల్లల వార్డుకు వద్దాం. బ్రాంకియోలైటిస్ (పసిపిల్లల ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాల వాపు) గురించి ఒక్క మాటతో సరిపెడతాను: అది వైరస్ జబ్బు, ఆక్సిజన్, ద్రవాలు, ఓపిక దాని చికిత్స, ఎక్స్‌రేలో చిన్న నీడ కనబడినంత మాత్రాన అది బ్యాక్టీరియా నిమోనియా అయిపోదు. ఎక్కువసేపు మాట్లాడవలసింది నిమోనియా కోర్సు ఎన్ని రోజులు అన్నదాని గురించి.

ఏడు రోజులు, పది రోజులు అన్న అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయని వెతికితే, చాలా జబ్బుల విషయంలో వాటి వెనక పరిశోధన కంటే అలవాటే ఎక్కువగా కనిపిస్తుంది. 2021లో ఫలితాలు వెలువడిన బ్రిటన్, ఐర్లండ్ ఆసుపత్రుల పరిశోధనలో, నిమోనియాతో వచ్చి 48 గంటలలోపు ఇంటికి వెళ్ళగలిగిన పిల్లలకు అమాక్సిసిలిన్ మూడు రోజులా, ఏడు రోజులా అని చూశారు. తర్వాత నాలుగు వారాల్లో మళ్ళీ యాంటీబయాటిక్ అవసరమైన వారు రెండు వర్గాల్లోనూ 12.5 శాతమే. దగ్గు మాత్రం మూడు రోజుల వర్గంలో కాస్త ఎక్కువ కాలం నిలిచింది, ఇది తల్లిదండ్రులకు ముందే చెప్పవలసిన సంగతి. అదే ఏడాది కెనడా నుంచి, మరుసటి ఏడాది అమెరికా నుంచి వచ్చిన పరిశోధనలు అయిదు రోజులు పది రోజులకు తీసిపోదని తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే, డొక్కలు ఎగరేస్తున్నా మరే ప్రమాద సూచనా లేని నిమోనియాకు నోటి ద్వారా అమాక్సిసిలిన్ అయిదు రోజులు చాలని చెప్పింది.

ఇది విని ‘తక్కువ రోజులు ఎప్పుడూ మంచిదే’ అని మరో అలవాటు చేసుకోకూడదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ విషయంలో అమెరికాలో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, అయిదు రోజులకు తేరుకున్న పిల్లల్లో సగం మందికి అక్కడే ఆపి, మిగిలిన సగానికి పది రోజులు ఇచ్చారు. చికిత్స విఫలమైనవారు అయిదు రోజుల వర్గంలో 4.2 శాతం, పది రోజుల వర్గంలో 0.6 శాతం. రెండూ తక్కువే, కానీ తేడా ఉంది, దాన్ని బిడ్డను బట్టి తూచాలి. గ్రామ్ నెగెటివ్ అనే వర్గపు బ్యాక్టీరియా వల్ల వచ్చిన నవజాత శిశు మెనింజైటిస్‌కు మూడు వారాలు కావాలంటే కావాలి, అక్కడ పొదుపు మాట తగదు. లోపల చీము గూడు కట్టి, దాన్ని తీయకుండా వదిలేసినప్పుడు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడంలోనూ అర్థం లేదు; అక్కడ కావలసింది సర్జన్. ప్రతి జబ్బుకూ దాని గడువు దానికి ఉంది, ఆ గడువు మొదటి రోజే చార్టు మీద ఉండాలి.

నోటి మందుకు మారే విషయంలో మనకు ఒక గట్టి మూఢనమ్మకం ఉంది: నరంలోకి ఎక్కించేది బలమైనది, నోటితో తాగేది బలహీనమైనది అని. క్లిండామైసిన్, మెట్రోనిడజోల్, లినెజోలిడ్ వంటివి నోటితో తీసుకున్నా దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరతాయి. ఎముక ఇన్ఫెక్షన్‌కు వారాల తరబడి నరంలోకే ఇవ్వాలని ఒకప్పుడు నమ్మేవారు; ఫిన్లండ్‌లో పిల్లల మీద జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, తొలి రెండు నుంచి నాలుగు రోజులు మాత్రమే నరంలోకి ఇచ్చి, తర్వాత పెద్ద డోసులో నోటి ద్వారా కొనసాగించి, త్వరగా కోలుకున్నవారికి మొత్తం సుమారు ఇరవై రోజులతో ముగించినా ఫలితాలు బాగున్నాయి. చేతికి ఉన్న క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ వాపుకు, కొత్త ఇన్ఫెక్షన్‌కు ద్వారమవుతుంది. రెండో సారి, మూడో సారి నరం కోసం గుచ్చే బాధ ఎలాంటిదో ఇక్కడున్న నర్సులకు నేను చెప్పనక్కరలేదు. బిడ్డ తాగగలుగుతున్నాడా, వాంతి లేదా, జ్వరం దిగుతోందా, జబ్బు మెదడుకో గుండె కవాటానికో సంబంధించినది కాదా అని రోజూ రౌండ్స్‌లో ఆ నర్సే ముందుగా అడగవచ్చు. అడగాలి కూడా.

డోసు గురించి. పిల్లల్లో మందు ఎక్కువ రోజులు పడటం ఎంత తప్పో, తక్కువ డోసులో పడటమూ అంతే తప్పు. బ్యాక్టీరియాను చంపకుండా తట్టుకోవడం నేర్పే పద్ధతి అది. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఈ హెచ్చరిక చేశారు. బిడ్డను ఆ రోజు తూచిన బరువు చార్టు పైన లేకుండా డోసు రాయకూడదు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే పదింతల డోసు పడుతుంది, పెద్దల వార్డులో అంత మోతాదుకు పది సీసాలు పగలగొట్టవలసి వచ్చి ఎవరో ఒకరు ఆగి ఆలోచిస్తారు, నవజాత శిశువు విషయంలో ఆ తప్పు డోసు కూడా ఒక్క చిన్న సీసాలోనే సరిపోతుంది. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్కకట్టడం తప్పనిసరి. శిశువు మూత్రపిండాలు వారవారానికీ మారుతూ ఉంటాయి కాబట్టి జెంటామైసిన్ వంటి మందును నెలలు నిండని శిశువుకు 36 గంటలకో, 48 గంటలకో ఒకసారి ఇవ్వవలసి రావచ్చు. మూడో వారానికి వచ్చేసరికి ఆ వ్యవధిని మళ్ళీ లెక్కకట్టాలి. సెఫ్ట్రియాక్సోన్ రోజుకొక్కసారి ఇవ్వడం సులువని నవజాత శిశువులకు రాసేస్తుంటారు. కాల్షియం ఉన్న ద్రావణాలు ఎక్కుతున్న శిశువుకు అది నిషిద్ధం, పచ్చకామెర్లు ఉన్న శిశువులో బిలిరుబిన్‌ను తోసే గుణం దానికీ ఉంది. 1956 నాటి పాఠం అది.

ఏ మందు ఎంచుకోవాలన్న ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేసిన మూడు వర్గాల విభజన పనికొస్తుంది. తొలి ఎంపికగా తేలికగా అందుబాటులో ఉంచవలసినవి, నిరోధకత పెరిగే ప్రమాదం వల్ల కనిపెట్టి వాడవలసినవి, ఇంకేదీ పనిచేయనప్పటి కోసం దాచుకోవలసినవి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదటి వర్గంలో ఉంటే సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్, వాంకోమైసిన్ రెండో వర్గంలో, కొలిస్టిన్ మూడో వర్గంలో ఉన్నాయి. 2030 నాటికి ప్రపంచంలో మనుషులు వాడే యాంటీబయాటిక్‌లో కనీసం 70 శాతం మొదటి వర్గానివే కావాలని 2024లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ లక్ష్యం పెట్టుకుంది. అయితే చాలా ఐసీయూల్లో ఆంపిసిలిన్, జెంటామైసిన్‌కు లొంగని బ్యాక్టీరియా ఇప్పటికే తిష్ఠవేసిందన్నది వాస్తవం. అక్కడ పుస్తకంలోని మందు రాసి బాధ్యత తీరిందనుకోలేం. మీ వార్డులో గత ఏడాది పెరిగిన బ్యాక్టీరియా ఏవి, అవి దేనికి లొంగాయి అన్న పట్టిక మీ గోడ మీద ఉండాలి, దాన్ని బట్టి మొదటి మందు ఎంచుకోవాలి, కల్చర్ వచ్చాక దించాలి. మెరోపెనెమ్‌తో మొదలుపెట్టడం కంటే, లొంగే బ్యాక్టీరియా అని రిపోర్టు వచ్చాక కూడా ‘బిడ్డ దీనితోనే కోలుకుంటున్నాడు, ఎందుకు కదపడం’ అని అక్కడే ఉండిపోవడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. అలాగే మెరోపెనెమ్ నడుస్తుండగా గాలి అక్కరలేని బ్యాక్టీరియా కోసమని మెట్రోనిడజోల్ కూడా చేర్చడం. సాధారణంగా ఆ పని మెరోపెనెమ్ ఒక్కటే చేస్తుంది.

శస్త్రచికిత్స వార్డుకు ఒక్క వాక్యం: కోతకు ముందు రెండు గంటలలోపు పడవలసిన డోసు పడితే, ఆపరేషన్ ముగిశాక ఇన్ఫెక్షన్ నివారణ పేరుతో దాన్ని పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సూచించింది, గాయంలోని ద్రవం బయటికి పోవడానికి గొట్టం పెట్టి ఉంచామన్నది కూడా కారణం కాదు.

పెనిసిలిన్ అలర్జీ అన్న ముద్ర గురించి మాత్రం కొంచెం ఆగుతాను. వైరస్ జ్వరంతో ఉన్న బిడ్డకు అమాక్సిసిలిన్ ఇస్తారు, మూడో రోజు ఒంటి మీద దద్దు వస్తుంది, అది వైరస్ దద్దే కావచ్చు, కానీ చార్టు మీద ఎర్ర సిరాతో అలర్జీ అని పడుతుంది. ఆ ముద్ర బిడ్డతో పాటు పెరుగుతుంది. తర్వాత ఎప్పుడు ఆసుపత్రిలో చేరినా మొదటి ఎంపిక మందు అందదు, ఇంకా విశాలమైన, ఇంకా విషపూరితమైన మందు అందుతుంది. ఇలా ముద్రపడిన వారిని సరిగా పరీక్షిస్తే నూటికి తొంభై మందికి పైగా పెనిసిలిన్‌ను తట్టుకుంటారు. అందుచేత అలర్జీ అని విన్నప్పుడు ఏ మందు, ఎన్నో డోసుకు, ఎంతసేపటికి, ఏం జరిగింది, ఊపిరి ఇబ్బందైందా, పెదవులు వాచాయా, చర్మం ఊడిందా అని అడిగి రాయండి. ప్రమాద లక్షణాలు లేని పాత దద్దు అయితే, నిపుణుల పర్యవేక్షణలో ఒక డోసు ఇచ్చి చూసి ఆ ముద్రను చెరిపేయవచ్చు.

ఇదంతా ఎవరు చేయాలి? ఆచరణలో అడ్డంకి జ్ఞానం లేకపోవడం కాదు, పై కింది హోదాల వరుస. ప్రొఫెసర్ గారు రాసిన మందును హౌస్ సర్జన్ ఆపడు. శనివారం రాత్రి డ్యూటీ వైద్యుడు సోమవారం దాకా దేన్నీ కదపడు. నర్సుకు సందేహం వచ్చినా ‘సార్ రాశారు’ అని ఊరుకుంటుంది. దీనికి మందలింపులు పనిచేయవు, ఏర్పాటు కావాలి. సమీక్ష తేదీ రాయని యాంటీబయాటిక్ గురించి ఫార్మసిస్టు వార్డుకు ఫోన్ చేసి అడిగే అధికారం ఉండాలి, ఆ ఫోన్‌ను ఎవరూ అవమానంగా తీసుకోకూడదు. అయితే ఒక్క జాగ్రత్త, గడువు దాటిందని మందు తనంతట తానే ఆగిపోయే కంప్యూటర్ ఏర్పాటు ప్రమాదకరం. మెనింజైటిస్ బిడ్డకు అది మధ్యలో ఆగిపోతే ఎవరూ గమనించకపోవచ్చు. గుర్తు చేసేది యంత్రం కావచ్చు, ఆపేది మనిషి కావాలి.

ఎంత వాడుతున్నామో కొలిచేటప్పుడు పెద్దల లెక్కలు మనకు పనికిరావు. నిర్దిష్ట దినసరి మోతాదు అనే కొలమానం 70 కిలోల పెద్ద మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినది. ఒక కిలో శిశువు వార్డును దానితో కొలిస్తే మందే వాడనట్టు కనిపిస్తుంది. వెయ్యి రోగి దినాలకు (ఒక రోగి వార్డులో ఉన్న ఒక్కో రోజు ఒక రోగి దినం) ఎన్ని చికిత్సా దినాలు (ఒక మందు నడిచిన ఒక్కో రోజు ఒక చికిత్సా దినం) అన్నదే పిల్లలకు సరైన లెక్క. దాన్ని నెలనెలా వార్డుకు చూపించండి, వ్యక్తుల పేర్లు పెట్టి కాదు.

తల్లిదండ్రులతో మాట్లాడటం ఈ పనిలో భాగమే. మందు మొదలుపెట్టేటప్పుడే ‘ఇన్ఫెక్షన్ ఉందేమోనన్న అనుమానంతో ఇస్తున్నాం, ఎల్లుండి రిపోర్టు చూసి అవసరం లేకపోతే ఆపేస్తాం’ అని చెబితే, ఆపిన రోజు వారు అది మంచి వార్తగా వింటారు. చెప్పకుండా ఆపితే చికిత్స తగ్గించారని భయపడతారు, ఆ భయం న్యాయమైనదే.

చివరగా డిశ్చార్జ్ చీటీ. నిమోనియాకు వార్డులో మూడు రోజులు ఇంజెక్షన్ ఇచ్చి, ఇంటికి పంపేటప్పుడు ‘సిరప్ అయిదు రోజులు’ అని రాస్తే ఆ బిడ్డకు ఎనిమిది రోజులు పడుతుంది. అయిదే చాలనుకుంటే రాయవలసింది రెండు. వార్డులో ఇచ్చిన రోజులను కలుపుకుని మొత్తం ఎన్ని, చివరి డోసు ఏ తేదీన ఏ పూట అన్నది చీటీ మీద రాయండి, సిరప్‌ను ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో సిరంజిలో గీత పెట్టి తల్లికి చూపించండి, మిగిలిన సిరప్‌ను తర్వాతి జ్వరానికి దాచవద్దని చెప్పండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. నవజాత శిశువుల ఐసీయూ వారివి ముందు తీసుకుందాం, వారు డ్యూటీకి వెళ్ళాలి.